పద్మాక్షి గుట్ట మీది జినముని

వరంగల్లు నుంచి ఖమ్మం పోయే బాటలో తొర్రూరు దాటిన తరువాత దంతాలపల్లి వస్తుంది. ఆ ఊరినుంచి ఒక గృహిణి వ్రాసిన ఉత్తరమే ఈ ప్రసంగానికి కారణం. మా నిలయానికి వచ్చే ఉత్తరాలలో ఎక్కువభాగం ఫలానా పాట వేయండని కోరేవి. కొన్ని ఫలానా పాట ఇకనైనా ఆపండని వేడుకొనేవి. ఈ ఉత్తరం ఆ రెండు తెగలకూ చెందినది కాదు.

సద్దుల బతుకమ్మ నాడు ఆమె తన అత్తగారితోను, ఉన్నత పాఠశాలలో చదువుతున్న కుమారునితోను హనుమకొండలోని బంధువుల ఇంటికి వచ్చినారట. సాయంకాలం పద్మాక్షి గుట్టకు వెళ్ళినారు. అమ్మవారి దర్శనమైన పిమ్మట అత్తగారు, బండమీద చెక్కిన దిసమొల విగ్రహానికి కూడ పసుపు పెట్టి దండం పెట్టుకొన్నారు. పిల్లవాడు ఊరకుండలేదు. "నాయనమ్మా, ఆయన మన దేవుడు కాడు, జైనుల ముని. మన రాజులే జైనులను గానుగలలో వేసి చంపించినారట. చంపినవాళ్ళం మనమే, పసుపు పెట్టేవాళ్ళమూ మనమేనా?" అని అడిగినాడు. "మా అత్త పెట్టింది, నేను పెడుతున్న. నీ చదువు నీ దగ్గర్నే ఉంచుకో బిడ్డా" అన్నది ఆ వృద్ధురాలు. బస్సు తిరిగి దంతాలపల్లి చేరేదాకా ఆ తగవు సాగినదట. ఇంతకూ ఆ రాతిమనిషి ఎవరు, గానుగల మాట నిజమేనా అని ఆ ఇల్లాలు మమ్ములను అడిగినారు.

కార్డుముక్క మీద వ్రాసి పంపదగిన జవాబు కాదు ఇది. అందుచేత మేమే ఒకనాటి ఉదయం ఆ గుట్ట ఎక్కి వచ్చినాము.

హనుమకొండ ఊరి నడుమనే ఉన్నది పద్మాక్షి గుట్ట. దాపుననే సిద్ధేశ్వరాలయం, కొద్ది దూరంలో వేయిస్తంభాల గుడి. గుట్ట అడుగున ఉన్న గుండంలో బతుకమ్మలను సాగనంపుతారు. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు నీటిమీద తేలిపోతూ ఉంటే ఆ సాయంకాలం ఎట్లా ఉంటుందో ఈ ప్రాంతపు ఆడపడుచులకు మేము చెప్పవలసిన పని లేదు. మేము వెళ్ళినది మామూలు దినం. మెట్లమీద ఎండ, కోతులు, కొబ్బరిచిప్పలు తప్ప మరేమీ లేవు.

పైన ఆలయం పెద్ద బండను ఆనుకొని ఉన్నది. లోపలి శిల్పం కట్టడంలో తెచ్చి నిలిపినది కాదు, కొండరాతిలోనే మలచినది. అందులో ముఖ్యమైన మూర్తి నిటారుగా నిలుచున్న దిగంబరుడు. చేతులు రెండూ శరీరానికి తగలకుండా మోకాళ్ళ దిశగా వ్రేలాడుతుంటాయి. దానిని జైనులు కాయోత్సర్గ భంగిమ అంటారు. అనగా దేహం మీది మమకారాన్ని విడిచి నిలుచుట. తలపైన పాముపడగల గొడుగు. ఈ గొడుగుతో ప్రశ్న తీరిపోతున్నది. ఇరువదినలుగురు తీర్థంకరులలో ఇరువదిమూడవవాడైన పార్శ్వనాథుని గుర్తు అది. ఆయనకు రెండు ప్రక్కల ధరణేంద్ర యక్షుడు, పద్మావతీ యక్షి.

పార్శ్వనాథుని కథ తెలిస్తే గాని ఈ శిల్పంలోని పాము అర్థం కాదు. ఆయన కాశీరాజు అశ్వసేనుని కుమారుడు, వామాదేవి కన్నబిడ్డ. యువరాజుగా ఉన్నప్పుడు ఒక తాపసి హోమంకోసం కాల్చుతున్న దుంగలో పాముల జంట చిక్కుకొని ఉండడం గమనించి, ఆ దుంగను చీల్పించినాడు. ఆ జంటయే మరుజన్మలో ధరణేంద్రుడు, పద్మావతి. తరువాత ఆయన సన్న్యసించి ధ్యానంలో ఉండగా పూర్వవైరం గల కమఠుడు రాళ్ళవాన, పెనుగాలి, జడివాన కురిపించినాడు. అప్పుడు ధరణేంద్రుడు వచ్చి పడగలు విప్పి గొడుగు పట్టినాడు. ముని మాత్రం గొడుగు పట్టినవానినీ, రాళ్ళు రువ్వినవానినీ సమంగానే చూచినాడని జైన పురాణాలు చెప్పుతున్నవి. శిల్పి చెక్కినది ఆ క్షణాన్నే.

ఇక్కడ ఒక మాట. పిల్లవాడు "దేవుడు కాడు, ముని" అన్నాడు గదా. అందులో తప్పేమీ లేదు. తీర్థంకరుడు సృష్టి చేసేవాడు కాడు, వరాలిచ్చేవాడు కాడు. తన్ను తాను జయించి, తక్కినవారికి రేవు చూపిన మనుష్యుడు. 'జినుడు' అంటే జయించినవాడు. కోరికలు తీర్చే పని యక్షయక్షులది. అందుకే జినుని ప్రక్కన పద్మావతి ఉండవలసి వచ్చినది. గృహస్థులు మోక్షంకోసం ముని వైపు చూస్తారు. పంటకూ, పిల్లలకూ, ఆరోగ్యానికీ ఆమె వైపు చూస్తారు. ఈ పనుల పంపకాన్ని కొంచెం గుర్తు పెట్టుకొనవలెను. గుట్టకు ఈనాడున్న పేరు దానినుంచే వచ్చినదని తోస్తున్నది.

ఈ చోటు ఎవరిదో చెప్పడానికి మన దగ్గర ఒక గొప్ప సాక్షి ఉన్నది. ఆలయం దగ్గర నిలిపిన నాలుగు పలకల నల్లరాతి స్తంభం అది. ఒక్కొక్క ముఖంమీద పైభాగాన కూర్చున్న జినమూర్తి, క్రింద శాసనం. భాష కన్నడం. 20వ శతాబ్ది తొలిభాగంలో హెచ్. కృష్ణశాస్త్రిగారు దీనిని పరిష్కరించి ప్రకటించినారు. చాళుక్య విక్రమ శకం 42వ సంవత్సరం, హేవిళంబి. అనగా క్రీస్తుశకం 1117. పంచాంగం తిరగవేసే అలవాటున్నవారికి ఒక చిన్న వేడుక: ఆ హేవిళంబి మొదలు 2017లో వచ్చిన హేవిళంబి దాకా సరిగా పదునైదు అరువదేండ్ల చుట్లు తిరిగినవి.

శాసనం చెప్పేదేమంటే: కాకతి ప్రోలరాజు మంత్రి పెర్గడ బేతన. అతని భార్య మైలమ. ఆమె ఈ గుట్టమీద కడలాలయ బసది అనే జినాలయాన్ని కట్టించి, దాని పూజాదికాలు జరుగుటకు భూమి ఇచ్చినది. 'బసది' అన్నది 'వసతి' అనే సంస్కృత పదానికి రూపాంతరమే. జైనుల గుడికి ఆ పేరు. 

మైలమ మామగారి పేరు వైజ దండాధినాథుడు, అత్తగారి పేరు యాకమబ్బె. వైజుడు కూడ మంత్రియే. తన ప్రభువైన కాకతి బేతరాజును చాళుక్య చక్రవర్తి పాదసన్నిధికి తీసుకొనిపోయి, సబ్బి వేయి అనే సీమను ఆయనకు ఇప్పించినవాడు. మనం ఈనాడు కాకతీయ సామ్రాజ్యం అని గొప్పగా చెప్పుకొనేదానికి తొలి అడుగులలో ఇది ఒకటి. అప్పటికి కాకతీయులు కళ్యాణి చాళుక్యుల మాండలికులు. చక్రవర్తి త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు. అందుచేతనే ఓరుగల్లు సీమలో కన్నడ శాసనం. రాజభాష ఎటుంటే రాయసం అటుంటుంది. జనం మాటలాడినది తెలుగే.

మైలమ కట్టించిన కాలం మీద మేము కొంచెం ఆగదలచినాము. ప్రోలరాజు తండ్రి బేతరాజు నాటికే కాకతీయ గృహంలో శైవం ప్రవేశించినది. కాలాముఖ శైవాచార్యుడైన రామేశ్వర పండితుడు బేతరాజునకు గురువని కాజీపేట దర్గా శాసనం వలన తెలుస్తున్నది. అంతకుముందు ఈ వంశంవారు జైనాన్ని ఆదరించినారని చరిత్రకారులు చాలమంది అభిప్రాయం. అంటే, రాజు విభూతి పెట్టుకొన్న తరువాత మంత్రి భార్య కొండమీద జినాలయం కట్టించినది. కట్టించి, నాలుగు పలకల రాతిమీద తన పేరు వ్రాయించినది. కొలువులో ఎవరూ అభ్యంతరం చెప్పినట్లు లేదు. పైగా మరొక మహామండలేశ్వరుడు తానూ భూమి ఇచ్చి, తన పేరూ అదే స్తంభంమీద ఎక్కించుకొన్నాడు. ఆయన ఉగ్రవాడి మేళరసు.

ఈ మేళరసు తన్ను గూర్చి చెప్పుకొన్న మాట ఒకటి ఈ గుట్ట కథలో మేలుముడి వంటిది. తాను మాధవవర్మ వంశంలో పుట్టినవాడనట. ఆ మాధవవర్మకు ఎనిమిది వేల ఏనుగులు, పది కోట్ల గుఱ్ఱాలు, లెక్కలేని కాల్బలమూ ఉండేవట. పది కోట్ల గుఱ్ఱాలకు గుగ్గిళ్ళు ఎవరు ఉడకబెట్టినారని అడగవద్దు. శాసనకవులకు అంకెలు అలంకారాలు. 1122 నాటి గోవిందపురం జైన శాసనం కూడ పొలవాస ప్రభువుల వంశం చెప్పుతూ ఈ మాధవవర్మనే పేర్కొన్నది. యక్షేశ్వరి అనుగ్రహంవల్ల అతనికి ఆ బలం లభించినదని చెప్పినది. యక్షేశ్వరి అంటే జినుని ప్రక్కన నిలిచే దేవత.

ఇప్పుడు కొన్ని వందల ఏండ్లు దాటి వద్దాము. కాసె సర్వప్ప ద్విపదలో వ్రాసిన 'సిద్ధేశ్వర చరిత్ర' కాకతీయులు పోయిన చాలకాలానికి పుట్టిన గ్రంథం. అందులోనూ మాధవవర్మ ఉన్నాడు. ఆయనకు ఖడ్గమూ, డాలూ, చతురంగ బలమూ ప్రసాదించిన దేవత ఉన్నది. కాని ఆమె పేరు యక్షేశ్వరి కాదు; హనుమకొండ పద్మాక్షి! అదే రాజు, అదే వరం, అవే ఏనుగులూ గుఱ్ఱాలూ. దేవత పేరు మాత్రం మారినది. పద్మావతి పద్మాక్షి అయినది. కొండ దిగకుండ, తన చోటు విడువకుండ, ఒక మతపు ఇంటిలోనుంచి ఇంకొక మతపు ఇంటిలోనికి ఆమె నడిచి వచ్చినది. ప్రక్కన నిలుచున్న మునిని ఆమెతోబాటే ఉంచినారు.

ఇక గానుగల మాట. దీనిని దాటవేస్తే ఆ పిల్లవానికి జవాబు చెప్పినట్లు కాదు.

గణపతిదేవుని కొలువునకు తిక్కన సోమయాజి వచ్చి జైనులను వాదంలో ఓడించినాడనీ, రాజు జైనులను శిక్షించి వారి వసదులను కూల్పించినాడనీ 'సిద్ధేశ్వర చరిత్ర' కథ చెప్పుతున్నది. గానుగలలో వేయించినారన్న ముచ్చట ఓరుగల్లు ప్రాంతపు స్థానిక కథలలో వినబడుతుంది. గణపతిదేవుడు రాజ్యం చేసినది 1199 నుంచి 1262 వరకు. ఈ కథలు పుస్తకాలకు ఎక్కినది ఆ తరువాత ఎంతో కాలానికి. తరువాతివాడు చెప్పినంత మాత్రాన అబద్ధమని మేము అనము. కాని ఆ కాలపువాడు ఏమన్నాడో ముందుగా చూడవలెను గదా.

అప్పయార్యుడనే జైన పండితుడు 'జినేంద్ర కల్యాణాభ్యుదయం' అనే సంస్కృత గ్రంథాన్ని రచించినాడు. అది పూర్తి అయినది శాలివాహన శకం 1241, సిద్ధార్థి సంవత్సరంలో, అనగా 1319లో. ఎక్కడ? ఏకశిలానగరంలో. ఎవరి పాలనలో? ప్రతాపరుద్రుని పాలనలో. ఏకశిలానగరం అంటే మన ఓరుగల్లే. ఆ గ్రంథవిషయం ఏమిటో కూడ చెప్పుతాము, వినండి: జినబింబాన్ని ప్రతిష్ఠించే విధానం. గణపతిదేవుని తరువాత అరువదేండ్లకు, ఢిల్లీ సైన్యం ఓరుగల్లును పట్టుకొనడానికి నాలుగేండ్ల ముందు, కాకతీయ రాజధానిలో కూర్చుండి ఒక జైనుడు జినవిగ్రహాలు ఎట్లా నిలుపవలెనో శాస్త్రం వ్రాస్తున్నాడు. జైనులను తుడిచిపెట్టిన ఊరిలో ఆ గ్రంథానికి చదువరులెవరు? కాబట్టి, గణపతిదేవుడు జైనాన్ని నిర్మూలించినాడన్న కథను మేము నమ్మజాలము.

అంతమాత్రాన ఆనాడు అంతా చల్లగా, సామరస్యంగా ఉన్నదని అనుకొనరాదు. కొందరు పెద్దలు అట్లా చెప్పి సంతోషపడుతుంటారు. మాకది అంగీకారం కాదు. దంతాలపల్లికి ఎంతో దూరం లేని పాలకురికి సోమనాథుని ఊరినే తలచుకొనండి. ఆయన 'బసవపురాణం' జైనుల మీది కాఠిన్యాన్ని ఏ మాత్రమూ దాచుకొనదు. భక్తి ఎంత వేడిగా ఉన్నదో ద్వేషమూ అంత వేడిగా ఉన్నది. ఆ మహాకవి మీది గౌరవంతో ఈ మాట అనకుండా ఉంటే చరిత్ర చెప్పినట్లు కాదు. శ్రీశైలంలో 16వ శతాబ్ది తొలినాళ్ళ శాసనం ఒకటి ఉన్నది. లింగడనే వీరశైవ నాయకుడు శ్వేతాంబర జైనుల తలలు నరికినానని అందులో ఘనంగా చెప్పుకొన్నాడు. అటువంటి పని చేసినవారు దానిని పుణ్యమని భావించి రాతికెక్కించుకొన్న రోజులు అవి. గణపతిదేవుని శాసనాలలో అటువంటి ప్రగల్భం లేదు. పిల్లవాడు విన్నది శుద్ధ కల్పన కాదు. ఒకచోటి నెత్తురు మరకను ఇంకొక చోటికి పులిమిన కథ.

మరి కడలాలయ బసది ఏమైనది? మా ఊహ ఇది. ఆశ్రయమిచ్చిన మంత్రి కుటుంబాలు తరిగినవి. మేళరసు వంటి మాండలికులను కాకతీయులే అణచినారు. వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి రుద్రదేవుని శాసనం మేడరాజు పరాజయాన్ని ప్రత్యేకంగా చెప్పుకొన్నది. ఇచ్చిన మాన్యాలు చేతులు మారినవి. ఆచార్యులు ఆదరణ ఉన్న చోటికి తరలిపోయినారు. ఆలయంలో దీపం పెట్టవలసినవారు లేకపోతే ఊరివారు పెట్టినారు. ఊరివారికి తెలిసినది వరమిచ్చే తల్లి. కనుక ఆమె ముందుకు వచ్చినది, ముని వెనుకకు తగ్గినాడు. కత్తి లేకుండ జరిగే మార్పు ఇట్లా ఉంటుంది. అయితే దీనిలో నష్టం లేదని కాదు. మైలమ ఇచ్చిన పొలం కౌలు తిన్నవారెవరికీ మైలమ పేరు జ్ఞాపకం లేకుండ పోయినది.

ఇది మన దేశానికే పరిమితమైన విచిత్రం కాదు. జర్మనీలో మాగ్డెబర్గ్ అనే నగరపు పెద్ద చర్చిలో సంత్ మారిస్ అనే వీరమరణం పొందిన పుణ్యపురుషుని రాతివిగ్రహం ఉన్నది. ఇంచుమించు 1240, 1250ల నడుమ, అనగా మన గణపతిదేవుడు రాజ్యమేలుతున్న కాలంలోనే మలచినది. ఇనుపకడియాల కవచం తొడుక్కొన్న ఆఫ్రికా దేశీయుని ముఖం అది. ఐరోపా చర్చి శిల్పంలో అటువంటి ముఖాన్ని అంత సహజంగా చెక్కినవారు అంతకుముందు లేరంటారు. 1567లో ఆ చర్చి కతోలికుల చేతినుంచి ప్రొటెస్టెంటుల చేతిలోనికి పోయినది. పుణ్యపురుషుల విగ్రహాలకు మ్రొక్కడం కొత్త యజమానులకు పట్టదు. అయినా విగ్రహాన్ని ఉంచుకొన్నారు. అక్కడ పూజ పోయినది, పేరు మిగిలినది. మన గుట్టమీద పూజ మిగిలినది, పేరు పోయినది. రెండింటిలో ఏది మేలో చెప్పుమంటే మేము తడుముకొనవలసి వస్తుంది.

హనుమకొండలో జినమునులు ఈ ఒక్క చోటనే ఉన్నారనుకొనవద్దు. ఊరిలోనే అగ్గలయ్య గుట్ట అని మరొక కొండ ఉన్నది. దాని బండమీద సుమారు ముప్పది అడుగుల ఎత్తున తీర్థంకరుడు నిలుచున్నాడు. అగ్గలయ్య అన్నది ఎవరి పేరు? సైదాపురంలో దొరికిన 1034 నాటి శాసనంలో అగ్గలయ్య అనే జైన వైద్యుడు కనబడుతున్నాడు. వైద్యరత్నాకరుడని అతనికి బిరుదు. గుట్ట పేరు ఇతనిదేనని చరిత్రకారులు భావిస్తున్నారు. జబ్బు చేసినవారికి మందిచ్చినవాని పేరు కొండకు నిలిచిపోవడం మాకు చాల నచ్చినది. రాజుల పేర్లు నిలుపడానికి శాసనాలు కావలసి వచ్చినవి; వైద్యుని పేరును జనం నోటితోనే మోసినారు.

జనగామ దాటి ఆలేరు వైపు పోతే కొలనుపాక వస్తుంది. అక్కడి జినాలయంలో నేటికీ జైనులే పూజ చేస్తున్నారు. దూరదేశాలనుంచి యాత్రికులు వస్తున్నారు. అదే ఊరిలో సోమేశ్వరాలయం వీరశైవులకు పరమ పవిత్రం. ఈ రెండింటికీ నడుమ ఎంతో దూరం లేదు. ఒక సీమలోనే ఒక జినుడు తన పేరుతో ఉన్నాడు, ఒక జినుడు పేరు లేకుండ ఉన్నాడు. 

మేము గుట్టమీద ఉండగా ఇద్దరు స్త్రీలు వచ్చినారు. అమ్మవారికి ఒడిబియ్యం సమర్పించి, వెనుదిరుగుతూ మునిమూర్తి వైపు రెండు చేతులూ జోడించినారు. "ఈయన ఎవరమ్మా?" అని మేము అడిగినాము. వారిలో పెద్దామె మమ్ములను ఎగాదిగా చూచి, "ఎవరైతేంది? అమ్మకు కావలున్నడు" అన్నది. మేము నవ్వుకొన్నాము గాని, మెట్లు దిగుతూ ఆలోచిస్తే నవ్వు ఆగినది. జైన శాస్త్రం ప్రకారం ముని ప్రధానుడు, పద్మావతి ఆయన సేవకురాలు. తొమ్మిది వందల ఏండ్లలో ఆ వరుస తలక్రిందులైనది. ఇప్పుడు ఆమె ప్రధాన దేవత, ఆయన కావలివాడు. అయినా ఇద్దరూ విడిపోలేదన్న సంగతిని మాత్రం ఆమె సరిగానే పట్టుకొన్నది.

పసుపు విషయం అడిగినారు గనుక అదీ చెప్పవలెను. పద్మావతికి పసుపుకుంకుమలు జైన స్త్రీలకూ కొత్త కాదు. కర్ణాటకంలోని హుంచ క్షేత్రంలో పద్మావతి అమ్మవారిని జైనులూ, జైనేతరులూ కలిసి కొలుస్తారు. కనుక అత్తగారు పద్మాక్షికి పసుపు పెట్టినప్పుడు, తెలిసో తెలియకో, మైలమ నాటి ఆచారానికి దగ్గరగానే ఉన్నారు. మునికి పెట్టవచ్చునా అన్నది భక్తికి సంబంధించిన ప్రశ్న. దానిని వారి ఇంటిలోనే తేల్చుకొనుట మేలు. కాని శిల్పం పక్షాన మాదొక విన్నపం. నూనె, పసుపు, రంగుల పూత ఏటేటా పేరుకొంటూ పోతే శిల్పి ఉలితో తీసిన సన్నని గీతలు మూసుకొనిపోతాయి. కన్నుల అంచు, పడగల మడతలు మాకు చూడగా చూడగా గాని తెలియలేదు. పసుపు పాదాల దగ్గర పెట్టినా చేరుతుంది. రాతిస్తంభానికి అసలే పెట్టవద్దు. అక్షరాలు ఒకసారి పూడిపోతే మైలమను మనం రెండవసారి పోగొట్టుకొన్నట్లే.

ఇక ఆ పిల్లవానికి. నాయనా, నీవు అడిగినది మంచి ప్రశ్న. నాయనమ్మను నొప్పించిన తీరు మాత్రం బాగుండలేదు. దసరా సెలవులలో ఆమెను వెంటబెట్టుకొని మళ్ళీ గుట్ట ఎక్కు. స్తంభం దగ్గర నిలబడు. కన్నడమని బెదరవద్దు, ఆ కాలంలో తెలుగు లిపి, కన్నడ లిపి దాదాపు ఒక్కటే. కొంచెం ఓపిక పట్టితే అక్షరాలు ఒక్కొక్కటిగా గుర్తుకు వస్తాయి. వాటిలో 'మైలమ' అన్న పేరు ఎక్కడున్నదో వెదకి, నాయనమ్మ వ్రేలు పట్టుకొని చూపించు. మెట్లు నిటారుగా ఉంటాయి. ఎండ ఎక్కకముందే, నెమ్మదిగా ఎక్కించవలెను.